మూడో బస్సు

రెండు రోజులుగా మా ఇంట్లో మాటలన్నీ నా మీదుగా నడుస్తున్నాయి.

అమ్మాయికి అల్లుడితో పని పడితే నాతో చెబుతుంది, అతను పక్కనే ఉన్నా సరే. స్నానాల గదిలో బల్బు పోయిందని చెప్పు నాన్నా అంటుంది. అతను లేచి వెళ్ళి బల్బు మార్చి వచ్చి, మార్చానని చెప్పండి మామయ్యా అంటాడు. నేను మధ్యలో కూర్చుని, ఇద్దరూ విన్న మాటనే ఇద్దరికీ అందిస్తున్నాను. ఒకందుకు నయమే. బొత్తిగా విరిగిపోయినవాళ్ళు బల్బుల సంగతి కూడా ఎత్తరు.

భోజనాల బల్ల మీద ఉత్తరం ఉంది. అమ్మాయి తయారుచేసింది. నాలుగే వాక్యాలు. ఈ సినిమాకీ నా భార్య రాసిన కథకీ సంబంధం లేదనీ, టైటిల్స్‌లోంచి ఆమె పేరు తీసెయ్యాలనీ, కథ మీద హక్కున్నవాడిగా నేను కోరుతున్నాననీ. కింద నా సంతకానికి చోటు వదిలింది.

పోటీకి సినిమా పంపడానికి ఆ సాయంత్రం అయిదింటి వరకే గడువు. నేను సంతకం పెడితే పేరు పోతుంది. అత్తయ్య పేరు లేకుండా ఈ సినిమా ఎక్కడికీ పంపనని అల్లుడు మొదటి రోజే చెప్పాడు. అంటే మూడేళ్ళ పని అలమరలోకి పోతుంది. ఆ మాటకి అమ్మాయి "పోనీ" అంది. వాళ్ళిద్దరూ నేరుగా మాట్లాడుకున్న ఆఖరి మాట అదే.

మొన్న మధ్యాహ్నం ముందుగది కిటికీలకి దుప్పట్లు కట్టి, గోడకి తెల్ల పక్కగుడ్డ బిగించి, ముగ్గురమే ఆ సినిమా చూశాం. పక్కగుడ్డలో ఒక మడత ఎంత లాగినా పోలేదు. ఆ మడత మీదుగా నడిచినప్పుడల్లా తెర మీది ఆవిడ నీళ్ళలో నడుస్తున్నట్టు కొంచెం అల్లాడేది. ఆ నటి నా భార్యలా లేదు. నడకా అది కాదు, నవ్వూ అది కాదు. అయినా ఆమె అటు తిరిగి కిటికీ దగ్గర నిలబడ్డప్పుడు ఆ గదిలో చప్పుడు మాత్రం నాకు తెలిసిన చప్పుడు.

అల్లుడిది సౌండు రికార్డు చేసే వృత్తి. పదిహేనేళ్ళు వేరేవాళ్ళ సినిమాలకి మైకు పట్టుకున్నాడు. తనే తీసింది ఇదే మొదటిది. ఏ గదిలో షూటింగు చేసినా అందరినీ కదలకుండా నిలబెట్టి, ఒక నిమిషం ఉత్త గదిని రికార్డు చేసుకోవడం వాళ్ళ పద్ధతి. మాటకీ మాటకీ మధ్య దాన్ని పరుస్తారట. ఏ గది నిశ్శబ్దం ఆ గదిదే, ఇంకోదాంతో అతకదు అంటాడు. నా భార్య పోయిన నెలకి, ఆమె గదిలో ఒక నిమిషం పట్టుకుంటాను మామయ్యా అని అడిగాడు. నేను గుమ్మంలో ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. బయట ఎక్కడో ఒక సైకిల్ బెల్లు మోగి ఆగింది.

సినిమాలో ఆ ఇంటి నిండా పరిచింది ఆ నిమిషాన్నే. ఎవరూ మాట్లాడనప్పుడల్లా నేను ఆమె గదిలో ఉన్నాను.

మధ్యాహ్నం మూడు దాటాక అమ్మాయి పెన్ను తెచ్చి ఉత్తరం పక్కన పెట్టింది. కోపంలోనూ నా కళ్ళజోడు వెతికి, తుడిచి, దాని పక్కనే పెట్టింది. చదువుకోకుండా సంతకం పెట్టించడం వాళ్ళమ్మకీ ఇష్టం ఉండేది కాదు.

తేడా ఏమిటో ఇంకోసారి చెప్పమన్నాను. నాకు తెలియక అడగలేదు. పెన్ను అందుకోవడం ఇంకాస్త ఆలస్యం అవుతుందని అడిగాను.

ఆమె కాలేజీలో సాహిత్యం చెబుతుంది. పన్నెండేళ్ళుగా ఈ కథనీ చెబుతోంది, రాసింది వాళ్ళమ్మ అని పిల్లలతో అనకుండా. అడిగింది నేనే అయినా పాఠం చెప్పినట్టే చెప్పింది. కథలో భర్త ఆఫీసులో గుమాస్తా. సినిమాలో గడియారాలు బాగుచేసేవాడు. అది ఆమెకి నచ్చింది. ఇల్లంతా గడియారాలు పెట్టుకుని పెళ్ళాం వేళ తెలుసుకోలేని మనిషిని చూస్తే అమ్మ నవ్వుకునేది అంది. కథలో మొదటినుంచి చివరిదాకా వాన. సినిమాలో చినుకు లేదు. వాన పడితే ఆవిడ ఊపిరి వినబడదని తీసేశాడట. అదీ ఒప్పుకుంది. కథలో ఉన్న పక్కింటావిడ సినిమాలో లేదు. పోనీలే, ఆవిడ కథలోనూ కాస్త ఎక్కువే మాట్లాడుతుంది అంది.

"కథని ఉన్నదున్నట్టు తియ్యాలని నేనడగను నాన్నా. తలుపు గడియ ఒక్కటే."

కథ ఆఖరు రెండు వాక్యాలు చాలామందికి నోటికి వచ్చు. ఆమె చెయ్యి గడియ మీద ఆగింది. గడియ చల్లగా ఉంది. అంతే, కథ అయిపోతుంది. ఆ ఆగడం మీద ఎంతమంది ఎన్ని రాశారో. తలుపు తియ్యలేకపోయిందని కొందరు. తియ్యనక్కర్లేదని తెలుసుకుందని కొందరు. మా అమ్మాయి పెద్ద పట్టా తెచ్చుకున్న వ్యాసం కూడా ఆ రెండు వాక్యాల మీదే.

సినిమాలో ఆమె గడియ తీస్తుంది. ఆమె బయటికి వస్తుంది. వీధి చివర బస్సు స్టాపులో బల్ల మీద కూర్చుంటుంది. ఇంట్లో అతను కంటికి భూతద్దం బిగించుకుని, తల ఎత్తకుండా, మంచినీళ్ళు అంటాడు. ఒక బస్సు వచ్చి వెళ్ళిపోతుంది. ఇంకోటి. మళ్ళీ మంచినీళ్ళు అంటాడు. మూడో బస్సు కూడా వెళ్ళిపోయాక ఆమె లేచి ఇంటికి నడిచి వస్తుంది. అతను మూడోసారి అడిగేసరికి గ్లాసు అతని మోచేతి పక్కన ఉంటుంది. అతను తాగుతాడు. ఇదంతా తొమ్మిది నిమిషాలు.

"అమ్మ ఆపింది. తను తీశాడు. అమ్మ కథకి ఉన్నదే ఆ ఆగడం. దాన్నే తీసేసి, కింద అమ్మ పేరు వేస్తే ఎలా?"

అల్లుడు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో తెలియదు. అడుగుల చప్పుడు కానీకపోవడం అతని వృత్తిలో భాగం.

"నేను తియ్యలేదని చెప్పండి మామయ్యా. ఆవిడ చదివి వినిపించిందే తీశానని చెప్పండి."

"ఏం చదివి వినిపించింది?" అమ్మాయి చప్పున అతని వైపు తిరిగింది. రెండు రోజుల తర్వాత నేను మధ్యలోంచి తప్పుకున్నాను.

అతను చెప్పింది ఇది. నా భార్య ఆఖరు నెలల్లో, అమ్మాయి కాలేజీకి వెళ్ళాక, అతనికి షూటింగు లేని రోజుల్లో ఆమె దగ్గర కూర్చునేవాడు. పుస్తకం పట్టుకుంటే అతనికి నిద్ర వస్తుంది. వింటే మాత్రం ఏదీ మర్చిపోడు. ఒకరోజు, అందరూ అంటారు కదా అత్తయ్యా, ఆ కథ ఒక్కసారి చదవండి అని అడిగాడు. ఆమె పాత పత్రిక తెప్పించుకుంది. రికార్డరు మాత్రం కట్టెయ్యమంది. దీంట్లో నా కథ కన్నా ఈ దగ్గే బాగా ఎక్కుతుంది నాయనా అందట. కట్టేశాడు.

"పత్రిక ఆవిడ చేతిలోనే ఉంది. గడియ చల్లగా ఉంది అన్నారు. పేజీ తిప్పారు. బస్సు స్టాపు చదివారు. చదవడమే, చెప్పడం కాదు. చదివేటప్పుడు గొంతు వేరేగా ఉంటుంది."

"తర్వాత ఆ పత్రిక నువ్వు తెరిచి చూశావా?"

"విన్నాక చూడ్డం ఎందుకు?"

అమ్మాయి లేచి వాళ్ళమ్మ గదిలోకి వెళ్ళింది. ఈ రెండు రోజులూ అక్కడే పడుకుంటోంది. పత్రిక తెచ్చి, ఆ పేజీ తీసి, అతని చేతిలో పెట్టింది. పేజీ తిప్పి చదవమంది.

అతను తిప్పాడు. అక్కడ తలనూనె ప్రకటన. జుట్టు మోకాళ్ళ దాకా ఉన్న బొమ్మ.

అతను ఆ బొమ్మని చాలాసేపు చూశాడు. పేజీని కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టాడు, రెండు కాగితాలు అంటుకున్నాయేమోనని. తర్వాత ఫ్యాను తగ్గించాడు. పాత కాగితం, అంచులు విరుగుతున్నాయి.

"అమ్మకి అప్పుడు మందుల మత్తు. నీకు రాత్రి షూటింగుల నిద్రమత్తు. ఎవరో ఒకరు కలగన్నారు. అది నువ్వు తీసుకుంటే నాకు అభ్యంతరం లేదు. అమ్మకి అంటగట్టకు."

"పేజీ తిప్పిన చప్పుడు విన్నాను నేను."

"తిప్పి ఉంటుంది. నూనె ప్రకటన చూసి ఉంటుంది."

అతను ఎడం చెవి మీద వేళ్ళు వేసి కొంచెం నొక్కుకున్నాడు, నీళ్ళు పోయినవాడిలా. పక్కవీధిలో ఆగిన లారీ ఏ కంపెనీదో చెప్పగల చెవి అది. దాన్ని అతను అనుమానించడం నేనెప్పుడూ చూడలేదు.

"నిజమేనేమో," అన్నాడు. "ఎక్కడో కునుకు పట్టి ఉంటుంది. నేనే కల్పించుకున్నట్టున్నాను. సంతకం పెట్టెయ్యండి మామయ్యా."

లోపలికి వెళ్ళిపోయాడు. కాసేపటికి వైర్లు చుడుతున్న చప్పుడు వచ్చింది. మోచేతికీ బొటనవేలికీ మధ్య, ఒక్కో చుట్టూ సమంగా.

గెలిచినదానిలా లేదు అమ్మాయి. పెన్ను నా వైపు జరిపింది గానీ జరిపిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

నేను కళ్ళజోడు పెట్టుకున్నాను. ఉత్తరం చదివాను. పెన్ను మూత తీసి మళ్ళీ పెట్టాను.

"ఆ పేజీ ఉందమ్మా. ఉండేది."

ఇలాంటి మాట ఒకసారి నోరు దాటాక మిగతావి ఒక్కొక్కటే వస్తాయి. తొందర పెట్టకుండా విన్నందుకు మా అమ్మాయికి ఎప్పటికీ రుణపడి ఉంటాను.

నాది పటాలు గీసే ఉద్యోగం. చేతిరాత ముత్యాల్లా ఉండాలి, లేకపోతే వాగు పేరు ఊరికి అంటుకుంటుంది. నా భార్య రాతని అచ్చు వేసేవాళ్ళు చదవలేకపోయేవారు. అందుకని చెడిపోయిన పటాల వెనక వైపు ఆమె రాసేది, ఆదివారం కూర్చుని నేను సాపు రాసేవాణ్ణి. సాపు ప్రతి ఆమె చూసేది కాదు. చూస్తే దిద్దాలనిపిస్తుంది, దిద్దితే మీకు మళ్ళీ ఆదివారం పోతుంది అనేది. కవరు అంటించి పోస్టు డబ్బాలో వేసేదీ నేనే.

ఆ కథకి పన్నెండు పేజీలు. నేను పదకొండే రాశాను.

"ఎందుకు?"

"పన్నెండో పేజీలో భర్త తల ఎత్తకుండా మంచినీళ్ళు అడుగుతాడు. ఎవరూ తేరు. మళ్ళీ అడుగుతాడు. మళ్ళీ తల ఎత్తడు." నేను ఆగాను. "ఆ పేజీ రాస్తుండగా నాకు దాహం వేసింది. తల ఎత్తకుండానే మీ అమ్మని పిలిచాను."



కథ అక్కడ ఆగితేనే బాగుంటుందని నాకు నేను చెప్పుకున్నాను. తర్వాత లోకమంతా అదే మాట అంది. మెచ్చుకుంటూ ఉత్తరం వచ్చినప్పుడల్లా నేనే ముందు విప్పి, చదివి, ఆమెకిచ్చేవాణ్ణి. నా తప్పుని పొగుడుతూ వచ్చిన ఉత్తరాలు అవి.

"అమ్మకి తెలుసా?"

"పత్రిక వచ్చిన రోజు వంటింట్లో నిలబడి చదివింది. పేజీ తిప్పింది. నూనె ప్రకటన చూసింది. మళ్ళీ వెనక్కి తిప్పింది. నేను గుమ్మం దగ్గరే ఉన్నాను. అక్కడ ఆగడం బాగుందండీ అంది. టీ ఇచ్చింది."

"అంతేనా?"

"ఆ తర్వాతి కథ నుంచి పేజీలకి అంకెలు వేసేది. పైనా కిందా రెండు చోట్లా, పెద్దగా."

అమ్మాయి నవ్వింది. నవ్వు సగంలో ఉండగానే కళ్ళు తుడుచుకుంది. పన్నెండేళ్ళుగా నేను పిల్లలకి అమ్మ మౌనం అని చెబుతున్నది నీ కత్తెర అన్నమాట నాన్నా అంది. కోప్పడుతుందని చూశాను. ఆమె నా వైపు కాక కిటికీ వైపు చూస్తోంది. దుప్పటి ఒక వైపు ఇంకా అలాగే వేలాడుతోంది. దాని అంచు నుంచి వెలుతురు గోడ మీది పక్కగుడ్డ మీదికి పలచగా జారుతోంది. ఆ తెల్లదనంలో ఎవరో అప్పుడే లేచి వెళ్ళినట్టుంది.

ఆమె లేచి వెళ్ళి లోపలి గది గుమ్మంలో నిలబడింది. వైర్లు చుట్టడం ఆగింది.

"నీ చెవి సరిగ్గానే ఉంది," అంది. అతను బయటికి వచ్చి నా ముఖం చూసి, ఆమె ముఖం చూసి, ఉన్నచోటే నేల మీద చతికిలబడ్డాడు. ఇద్దరి మధ్యా ఏ మాట నడిచిందో నాకు వినబడలేదు. వాళ్ళిద్దరూ పోట్లాడకుండా మాట్లాడుకోవడం చూసి రెండు రోజులైంది. వినబడకపోయినా హాయిగా ఉంది.

తర్వాత అమ్మాయి నా ముందు తెల్లకాగితం పెట్టింది. ఆమె చేతిలో ఫోను ఉంది. పేరు ఉంటుందని పోటీవాళ్ళకి చెప్పేస్తానంది. అయితే ఉత్త నోటిమాట మీద నడిచేది కాదు, రేపు ఎవరైనా అడుగుతారు, ఆ పేజీ నీకు గుర్తున్నంత రాసివ్వు నాన్నా, సినిమాతో పాటు అదీ పంపుదాం అంది.

గుర్తున్నంత అని అంది. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా ఆ పేజీలో ఒక్క అక్షరం నేను మర్చిపోలేదు.

రాయడం మొదలుపెట్టాను. చెయ్యి పటాల రోజుల్లోలాగే నిలబడింది. అల్లుడు నా భుజం పక్కన వంగి, నేను రాసే మాట రాయకముందే పెదవులతో అంటున్నాడు. బస్సు స్టాపులో బల్ల మీద నిన్నటి తడి ఇంకా ఉంది. మొదటి బస్సులో ఎవరూ లేరు. రెండో బస్సులో ఒక పాప కిటికీకి నుదురానించి నిద్రపోతోంది. ఇదే, ఇదే మాట అన్నారు అంటూ అతను ఊపిరి పీల్చుకున్నాడు. తప్పిపోయి ఇంటి వీధి గుర్తుపట్టినవాడి ముఖం అతనిది. అమ్మాయి అతని భుజం మీద చెయ్యి వేసింది.

మంచినీళ్ళు అన్నాడు అతను, తల ఎత్తకుండా. అదీ రాశాను.

మూడో బస్సు దగ్గర నా కలం ఆగింది.

ఆమె ఇంటికి రావడం నేను మొదటిసారి చూసింది మొన్ననే, ఆ పక్కగుడ్డ మీద. తెర మీద ఆవిడ బల్ల మీంచి లేచి వీధిలోకి తిరిగినప్పుడు, నేను కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాను. పన్నెండో పేజీలో ఆమె తిరగదు.

రెండు రోజులుగా ఆ ఉత్తరం మీద నేను సంతకం పెట్టకపోవడానికీ, పెట్టనని చెప్పకపోవడానికీ కారణం అదే. ఆఖరు నెలల్లో, రికార్డరు కట్టేయించి, నూనె ప్రకటన ముందు పెట్టుకుని, లేని పేజీ చదువుతూ నా భార్య ఆమెని వెనక్కి తీసుకొచ్చింది. అన్నేళ్ళలో కథే మారిపోయిందో, లేక ఈ కుర్రాడు ఎప్పుడో ఒకనాడు నా దగ్గరికి మోసుకొస్తాడని తెలిసి చేసిందో, నాకు తెలియదు. గ్లాసు నా మోచేతి పక్కన పెట్టింది. అంతవరకే తెలుసు.

"ఆగావేం నాన్నా?" అంది అమ్మాయి. ఫోనులో అంకెలు నొక్కి పెట్టుకుంది.

అక్కడ ఆపేస్తే ముగ్గురికీ బాగుండేది. మిగతాది గుర్తులేదంటే ఈ వయసులో ఎవరూ తప్పుపట్టరు. కానీ అలా ఆపడం నాకు రెండోసారి అవుతుంది.

రాశాను. మూడో బస్సు ఆగింది. ఆమె ఎక్కింది. ఇంట్లో అతను మూడోసారి మంచినీళ్ళు అడిగి, కాసేపు చూసి, తనే లేచి తాగి, మళ్ళీ పనిలో పడ్డాడు. ఆ పేజీ అంతే.

అల్లుడి పెదవులు ముందే వేరే మాట అనేశాయి. అతను నా కాగితం వైపు, నా చేతి వైపు మార్చి మార్చి చూశాడు. కాగితం తీసుకుని వెలుతురులోకి వెళ్ళి రెండుసార్లు చదివాడు. వచ్చి దాన్ని జాగ్రత్తగా బల్ల మీద పెట్టి, పక్కన పడి ఉన్న ఉత్తరాన్ని నా ముందుకి జరిపాడు.

"సంతకం పెట్టండి మామయ్యా. అత్తయ్య రాసింది ఇదీ. నేను తీసింది వేరు. దాని మీద ఆవిడ పేరు ఉండకూడదు."

"నీకు చదివి వినిపించింది కూడా అమ్మే కదా," అంది అమ్మాయి.

"చదవలేదు. మార్చి చెప్పారు. ఎందుకో నా మీద జాలిపడి మార్చారు."

"నీ మీద కాదు," అంది అమ్మాయి.

నా వైపు చూడకుండా వచ్చి, నేను సంతకం పెట్టవలసిన చోట అరచెయ్యి ఆనించి అలాగే నిలబడింది. అయిదు కావడానికి ఇంకా ఇరవై నిమిషాలున్నాయి.